మన గోల, పక్కింటి గోల, రేడియో గోల

పోయిన నెల ఓ సాయంత్రం డెస్క్ దగ్గర టీ తాగుతుంటే మా టీంలో కుర్రాడొకడు తను చేరబోయే కోర్సు గురించి చెప్పుకొచ్చాడు. మెషీన్ లెర్నింగ్ అట, ఆరు నెలలట, ఫీజు లక్షకి కాస్త అటూ ఇటూనట. "ఇంక అన్నీ వాటంతటవే నేర్చుకునే సిస్టమ్సే అన్నా, మనలా కోడ్ రాసుకునేవాళ్ళ పని అయిపోయినట్టే" అన్నాడు. వాడి లాప్‌టాప్ డాక్‌కి గుచ్చి ఉన్న నీలం లాన్ కేబుల్ చూపించి, "అది పొద్దుట్నించీ నేర్చుకుంటూనే ఉంది, దానికెవరు కట్టారు ఫీజు?" అన్నా. జోకేశాననుకుని నవ్వాడు. జోకు కాదురా బాబూ అని చెప్పేలోపు వాడికేదో మీటింగు. వాడికి చెప్పలేకపోయింది మీకు చెప్తున్నా, దొరికిపోయారు :)

నేను చదివింది ఈసీఈ. మీలో కూడా చాలామంది అంతే అయుంటారు. నాలుగేళ్ళు ట్రాన్సిస్టర్లూ ఫోరియర్లూ చదివి, క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎత్తుకుపోతే, ఆ పుస్తకాలు అటక మీద పెట్టేసి వచ్చిన బాపతు. అడాప్టివ్ ఫిల్టర్లు అని ఒక యూనిట్ ఉండేది. అందులో ఎల్ఎంఎస్ అని ఒక అల్గారిథం. పది మార్కులకి గ్యారంటీగా వస్తుందని బట్టీ కొట్టి, రాసి, మర్చిపోయాం. అది ఎందుకు పనికొస్తుందో మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

దాన్ని 1960లో స్టాన్‌ఫర్డ్‌లో విడ్రో అనే ప్రొఫెసరు, హాఫ్ అనే ఆయన శిష్యుడు కలిసి ప్రచురించారు. ఈ టెడ్ హాఫ్ తర్వాత ఇంటెల్‌లో చేరి మొదటి మైక్రోప్రాసెసర్ తయారీలో కీలకమైన మనిషయ్యాడు, అది వేరే కథ. అల్గారిథం చాలా చిన్నది. ఒక అంచనా వెయ్యి. ఎంత తప్పిందో చూడు. ఆ తప్పుకి తగ్గట్టు గుణకాలని కొంచెం, కొంచెమే, జరుపు. మళ్ళీ వెయ్యి. ఇప్పుడు న్యూరల్ నెట్‌వర్కుల్ని ట్రెయిన్ చేసే పద్ధతికి ఇది మేనమామ వరస.

విడ్రో బృందం 1975లో రాసిన పేపర్లో ఒక ఉదాహరణ ఉంది. కాలేజీలో అదొక్కటి చెప్పుంటే సబ్జెక్టు మొత్తం బుర్రకెక్కేది. కడుపులో బిడ్డ గుండె కొట్టుకోవడాన్ని ఈసీజీలో పట్టుకోవాలి. తల్లి పొట్ట మీద ఎలక్ట్రోడ్ పెడితే బిడ్డ గుండె చప్పుడుతో పాటు తల్లిది కూడా వస్తుంది, అదీ బిడ్డదాని కంటే గట్టిగా. మరి ఎలా? తల్లి ఛాతీ మీద ఇంకొన్ని ఎలక్ట్రోడ్లు పెట్టారు. అక్కడ దొరికేది దాదాపుగా తల్లి గుండె ఒక్కటే. ఛాతీ నుంచి పొట్ట దాకా వచ్చేసరికి ఆ సంకేతం ఎలా మారుతుందో ఫిల్టరు నేర్చుకుంటుంది, నేర్చుకున్నదాన్ని పొట్ట మీది సంకేతంలోంచి తీసేస్తుంది. ఇంకేం తియ్యలేక మిగిలిపోయిందే బిడ్డ గుండె. తల్లి గుండెకీ బిడ్డ గుండెకీ లయ కలవదు కాబట్టి, తల్లిది ఎంత బాగా నేర్చుకున్నా బిడ్డది చెరిగిపోదు.

ఇందులో కిటుకు అల్గారిథంలో లేదు, ఛాతీ మీది ఎలక్ట్రోడ్లలో ఉంది. దాన్నే రెఫరెన్స్ అంటారు. ఎవరి గోల తీసేయాలో వాళ్ళ గోల మనకి విడిగా వినపడాలి. అది లేకపోతే ఎంత గొప్ప ఫిల్టరైనా గుడ్డెద్దు చేలో పడ్డట్టే. నేను ఈ రోజు చెప్పదల్చుకున్నదంతా ఈ ఒక్క ముక్క చుట్టూతానే.

ఇప్పుడు ఆ నీలం కేబుల్ దగ్గరికి వద్దాం. 1999లో ప్రమాణంగా వచ్చిన గిగాబిట్ ఈథర్నెట్‌లో నాలుగు జతల రాగి తీగలుంటాయి. ఒక జత పంపడానికి, ఒక జత అందుకోవడానికి అని చాలామంది అనుకుంటారు, పాత 100 మెగాబిట్ రోజుల్లో అలాగే ఉండేది. గిగాబిట్‌లో అలా కాదు. నాలుగు జతల మీదా ఒకేసారి అటూ ఇటూ మాట్లాడుకుంటారు, జతకి సెకనుకి 12.5 కోట్ల సింబల్స్ చొప్పున. ఒకే జత తీగ మీద ఇద్దరు ఒకేసారి అరుస్తుంటే ఎవరిది ఎవరికి వినపడుతుంది? మనం పంపింది కనెక్టర్ దగ్గరా కేబుల్ వంపుల దగ్గరా తగిలి ప్రతిధ్వనిలా వెనక్కి వస్తుంది. అవతలివాడి మాట 100 మీటర్లు నడిచొచ్చి నీరసపడి ఉంటుంది. పక్కనున్న మూడు జతల్లో మనమే పంపుతున్నది కూడా కారి ఇందులో పడుతుంది. అంటే ఒక్కో జత దగ్గర ఒక ఎకో, మూడు క్రాస్‌టాకులు. మొత్తం పోర్టుకి పదహారు. పదహారు గోలలకీ పదహారు ఫిల్టర్లు, ప్రతి ఒక్కటీ ఆ తీగకి తగ్గట్టు నేర్చుకుని తీసేస్తూ ఉండాలి. కేబుల్ గుచ్చాక లైటు వెలగడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది చూడండి, అందులో కొంత ఈ నేర్చుకోవడానికే. వెలిగాక కూడా ఆపదు. ఏసీ ఆపేస్తే గది వేడెక్కుతుంది, గదితో పాటు రాగీ వేడెక్కుతుంది, నిన్నటి లెక్క ఇవాళ సరిపోదు.

ఇది సాధ్యమవడానికి కారణం ఒకటే. ఈ పదహారూ మన గోలలే. ఏ క్షణాన ఏం పంపామో చిప్‌కి బిట్టు బిట్టూ తెలుసు. రెఫరెన్స్ చేతిలోనే ఉంది.

2006లో 10 గిగాబిట్ రాగి ఈథర్నెట్ వచ్చినప్పుడు ఇదే పద్ధతిని ఇంకా గట్టిగా వాడారు. అక్కడ కొత్త చిక్కొకటి తగిలింది. ఒకే గొట్టంలో కట్టగా వేసిన కేబుళ్ళలో పక్క కేబుల్ గోల ఇందులోకి వస్తుంది. దానికి 'ఏలియన్ క్రాస్‌టాక్' అని పేరు, పరాయి గోల అన్నమాట. పక్క కేబుల్లో ఎవడు ఏం పంపుతున్నాడో మన చిప్‌కి తెలీదు. ఇన్ని లెక్కలొచ్చిన ఇంజనీర్లు ఇక్కడికొచ్చేసరికి చేతులెత్తేసి ఏం చేశారో తెలుసా? కేబుల్‌ని లావు చేశారు. క్యాట్ 6ఏ అని మీ సర్వర్ రూములో కనపడే మొండి కేబుల్, వంచితే వంగనిది, అదే. రెఫరెన్స్ లేని చోట లెక్కలకంటే ప్లాస్టిక్కే గతి.

ఇక్కడ మన వృత్తి గురించి ఒక మాట అనాలి, అనకపోతే నిద్రపట్టదు. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన చోట రాత్రిళ్ళు ఆన్-కాల్ ఉండేది. రెండింటికి ఫోన్ మోగుతుంది, లేచి చూస్తే ఏమీ ఉండదు. వారానికి నాలుగు రాత్రులు ఇదే వరస. గోల ఎక్కువైపోయిందని మేనేజ్‌మెంట్ ఒక టూల్ కొంది, ఏఐతో అలర్టుల్లో గోలని వడపోస్తుందని. అది గోలతో పాటు ఒక నిజమైన డిస్క్ ఫెయిల్యూర్ అలర్ట్‌ని కూడా నిద్రపుచ్చింది. ఆ రోజు కస్టమర్ల ముందు ఎవరి పరువు పోయిందో చెప్పను. తర్వాత నేనూ ఇంకో అమ్మాయీ కూర్చుని మూడు నెలల అలర్టులు చేత్తో విడదీసి చూశాం. సగానికి పైగా మా గోలే! రాత్రి రెండింటికి మా బ్యాకప్ జాబ్ మొదలవుతుంది, డేటాబేస్ మందగిస్తుంది, మా సర్వీసులే ఒకదాన్నొకటి రీట్రైలతో తన్నుకుంటాయి. డిప్లాయ్‌మెంట్ క్యాలెండరూ, క్రాన్ టైమింగులూ మా దగ్గరే ఉన్నాయి. వాటిని టూల్‌కి ఇవ్వాలని ఒక్కరికీ తోచలేదు. పొట్ట మీద ఎలక్ట్రోడ్ పెట్టాం, ఛాతీ మీద పెట్టడం మర్చిపోయాం. పాతిక రూపాయల ఈథర్నెట్ కేబుల్ చివర ఉన్న చిప్ చేసే పని, లక్షల జీతాలు తీసుకుంటూ మేం చెయ్యలేదు.

సరే, మన గోల అయిపోయింది. ఎవరిదో తెలిసీ వాళ్ళేం పంపుతున్నారో తెలియని గోల సంగతి చెప్తా. దీనికి మా నాన్నగారి ఫోన్ లైను ఉదాహరణ.

2009. మా ఊరు తెనాలి దగ్గర. నాన్నగారు రిటైరైన టీచరు, ఊళ్ళో అందరికీ మాస్టారు. నాతో వీడియోలో మాట్లాడాలని ల్యాండ్‌లైన్ మీద బ్రాడ్‌బ్యాండ్ పెట్టించాను. పగలంతా శుభ్రంగా ఉండేది. నాకు ఆఫీసయ్యి ఫోన్ చేసే వేళకి, అంటే పొద్దుగూకాక, ఠంచనుగా తెగిపోయేది. కస్టమర్ కేర్‌కి చేస్తే "మోడెమ్ ఆపి ఆన్ చేయండి సర్" తప్ప ఇంకో మాట లేదు.

సెలవుకి వెళ్ళినప్పుడు మోడెమ్ లోపలి పేజీలు తెరిచి చూశా. ఏడీఎస్ఎల్ తీగ మీది వెడల్పుని 4.3125 కిలోహెర్ట్జ్ ముక్కలుగా కోసి, ఏ ముక్క ఎంత శుభ్రంగా ఉంటే అందులో అన్ని బిట్లు పెడుతుంది, సున్నా నుంచి పదిహేను దాకా. ఆ పట్టికలో 194 నంబరు ముక్క చుట్టుపక్కల పెద్ద గుంట. 194ని 4.3125తో గుణించండి. 837 దగ్గరికొస్తుంది. చిన్నప్పట్నించీ మా ఇంట్లో రేడియో ముల్లు ఉండే చోటు అది, ఆకాశవాణి విజయవాడ! నాన్నగారు పొద్దున్నే ప్రాంతీయ వార్తలు వినే స్టేషన్, ఆయన ఇంటర్నెట్ తీగలో కూర్చుని పాడుతోంది. రాత్రి చూస్తే 171 దగ్గర ఇంకో చిన్న గుంట. 738, అంటే హైదరాబాద్. ఎంత నవ్వొచ్చిందో చెప్పలేను.

ఇందులో వింతేం లేదు. మీడియం వేవ్ మొత్తం ఆ మోడెమ్ వాడే వెడల్పులోనే పడుతుంది. స్తంభం నుంచి మా ఇంటికి గాల్లో వేలాడే తీగ మంచి ఏరియల్. చీకటి పడ్డాక ఆకాశంలో రేడియో తరంగాల్ని పీల్చేసే కింది పొర పోతుంది కాబట్టి దూరపు స్టేషన్లన్నీ వచ్చి వాల్తాయి. పగటి నిశ్శబ్దాన్ని నమ్ముకుని నిండా బిట్లు మోస్తున్న మోడెమ్, రాత్రి గోలకి తట్టుకోలేక కుప్పకూలుతుంది. మోడెమ్ కూడా తన ప్రయత్నం తను చేస్తుంది, పాడైన ముక్కలోంచి బిట్లు తీసి బాగున్నదాంట్లోకి మారుస్తూ ఉంటుంది. కానీ చాలా ముక్కలు ఒకేసారి పాడైతే ఎక్కడికని మారుస్తుంది? రేడియోవాళ్ళు ఏం పాడబోతున్నారో దానికి ముందే తెలీదు కదా. తీసేయలేదు, తప్పుకోగలదంతే.

తీసేసే దారి ఒకటుంది, చాలా తెలివైనది. రేడియో తరంగం జతలోని రెండు తీగల మీదా సమానంగా పడుతుంది. మన డేటా మాత్రం రెంటి మధ్య తేడాగా నడుస్తుంది. అందుకని రెంటిలోనూ ఉమ్మడిగా ఉన్నదాన్ని విడిగా కొలిస్తే, అదుగో, రేడియో ఒక్కటే దొరికినట్టు. తల్లి ఛాతీ మీద ఎలక్ట్రోడ్ దొరికినట్టే! దీనిమీద చాలా పరిశోధన జరిగింది. మా ఇంట్లో ఉన్న చవక మోడెమ్‌లో అలాంటిదేమీ ఉన్న జాడ లేదు.

చివరికి ఆ లైను బాగుపడింది ఒక లైన్‌మ్యాన్ వల్ల. ఆయనకి ఈ లెక్కలేవీ తెలీవు. స్తంభమెక్కి చూసి, "మాస్టారూ, ఇది మెలిక లేని తీగండీ, జాయింటు కూడా తుప్పట్టింది, రేడియో ఎక్కక ఏం చేస్తుందీ" అని మెలికల తీగ లాగి, జాయింటు తెగ్గొట్టి కొత్తగా కట్టాడు. మెలి తిప్పితే రెండు తీగల మీదా గోల సమానమవుతుంది, తేడాలోకి రాదు. గ్రాహంబెల్ 1881లో పేటెంటు తీసుకున్న ఉపాయం. మిగిలిన కాస్త ఇబ్బందికి నేను నాన్నగారికి ఒక చిట్కా చెప్పాను: మోడెమ్‌ని పొద్దున ఆన్ చెయ్యకండి, దీపాలు పెట్టాక చెయ్యండి అని. రాత్రి గోలలో కొలుచుకుని వేగం తగ్గించుకుంటే తర్వాత తెగదు. ఆ లెక్కన కస్టమర్ కేర్ వాళ్ళు సాయంత్రం ఇచ్చిన సలహా కరెక్టే, పొద్దున ఇచ్చిందే తప్పు :)

ఇక పక్కింటి గోల. అన్నిట్లోకీ గడ్డుది ఇదే, ఎందుకంటే ఇది లెక్కల్లోంచి బయటపడి రాజకీయాల్లోకి వెళ్ళింది.

ఎక్స్ఛేంజి నుంచి వచ్చే లావు కేబుల్లో వందల జతలుంటాయి. మీ పక్కింటివాళ్ళ లైను గోల మీ లైనులో పడుతుంది. మీ ఇంట్లో మోడెమ్‌కి పక్కింటివాళ్ళు ఏం చూస్తున్నారో తెలీదు, తెలియకూడదు కూడా. అవతలి చివర ఉన్న పెట్టెకి మాత్రం తెలుసు, అందరికీ పంపేది అదే కాబట్టి. అందుకని ఆ పెట్టె ఒక పని చేస్తుంది. పక్క లైన్ల నుంచి మీ లైనులో ఎంత పడబోతోందో ముందే లెక్కేసి, దానికి సరిగ్గా వ్యతిరేకమైనది మీ సంకేతంలో కలిపి పంపుతుంది. దార్లో గోల, విరుగుడు కలిసి చెల్లిపోయి, మీ ఇంటికి శుభ్రమైనది చేరుతుంది. ఎంత తప్పిందో మీ మోడెమ్ వెనక్కి చెప్తూ ఉంటే పెట్టె దిద్దుకుంటుంది. దీన్ని వెక్టరింగ్ అంటారు, 2010లో ప్రమాణమైంది. ఇంజనీరుగా చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది.

కానీ ఇది సరిగ్గా పనిచెయ్యాలంటే ఆ కేబుల్లో జతలన్నీ ఒకే పెట్టెకి తగిలి ఉండాలి. నాలుగు జతలు ఇంకో కంపెనీ పెట్టెకి వెళ్తే ఆ నాలుగింటి గోలకీ రెఫరెన్స్ లేదు, లాభం పడిపోతుంది. ఐరోపాలో అప్పటికే పాత ప్రభుత్వ టెలిఫోన్ కంపెనీల రాగి తీగల్ని పోటీ కంపెనీలు అద్దెకి తీసుకునే చట్టముంది. జర్మనీలో డాయిష్ టెలికాం 'వెక్టరింగ్ చేస్తాం, మరి తీగలు పోటీవాళ్ళకి విడిగా ఇవ్వలేం' అంది. వాళ్ళ నియంత్రణ సంస్థ 2013లో కొన్ని షరతులతో ఒప్పుకుంది, 2016లో ఎక్స్ఛేంజిల దగ్గరి ప్రాంతాలకీ దాన్ని పొడిగించింది. పోటీ కంపెనీలు లబోదిబోమన్నాయి. నాకైతే వాళ్ళ బాధ సబబే అనిపిస్తుంది. క్రాస్‌టాక్ నిజమే, లెక్కా నిజమే. అందరి సంకేతాలూ ఒకరి చేతిలో ఉంటేనే గోల పోతుందన్న మాట, ఆ ఒక్కరికి ఎంత హాయిగా ఉంటుందో కూడా నిజమే కదా. పోనీ అందరి పెట్టెలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా చెయ్యమంటే, అది సాంకేతికంగా కష్టం, వ్యాపారపరంగా ఇంకా కష్టం.

మనకి ఆ గొడవే రాలేదు. 2004లో ట్రాయ్ రాగి తీగల్ని పోటీకి తెరవమని సిఫారసు చేసింది, అదే ఏడాది అక్టోబరులో వచ్చిన బ్రాడ్‌బ్యాండ్ విధానంలో ప్రభుత్వం దాన్ని తప్పనిసరి చెయ్యలేదు. అప్పుడు తెరిచుంటే తుప్పట్టిన జాయింటు కోసం మా నాన్నగారు అన్ని నెలలు ఎదురుచూసేవారు కాదని నా అభిప్రాయం. మీలో కొందరు ఒప్పుకోరని తెలుసు.

ఇదంతా రాగి రోజుల ముచ్చట, ఫైబర్ వచ్చాక ఇంకేముంది అనకండి. ఇంటికొచ్చే ఫైబర్ వరకూ పెద్దగా లేదు, నిజమే. ఊళ్ళూ సముద్రాలూ దాటే ఫైబర్లో మాత్రం కాంతికి ఉండే రెండు పోలరైజేషన్ల మీదా వేర్వేరు డేటా పంపుతారు, దారిలో అవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, అటువైపు మళ్ళీ ఇదే జాతి ఫిల్టర్లు కూర్చుని చిక్కు విడదీస్తాయి. సర్వర్ బోర్డు మీద నాలుగంగుళాల దారిలో కూడా అంతే. 2010లో వచ్చిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ మూడో తరం నుంచి మెషీన్ ఆన్ అవగానే లింకులు ఈక్వలైజర్లు సర్దుకున్నాకే పూర్తి వేగానికి వెళ్తాయి. మావాడు కోర్సులో అద్దెకి తీసుకోబోయే జీపీయూల మధ్య తీగల చివర్లలో, ఆ విడ్రో-హాఫ్ అల్గారిథానికి చవక రూపాలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. మోడల్ ఒక్క అక్షరం నేర్చుకోవాలన్నా ముందు తీగ నేర్చుకోవాలి. వాణ్ణి కోర్సు మానమని అనను. ఆ లక్ష కట్టేముందు అటక మీది పుస్తకం ఒకసారి దించమని మాత్రం చెప్పాను. మీటింగ్ నుంచి వచ్చాక "మ్యూ ఎంత పెట్టుకోవాలి అన్నా?" అని అడిగాడు. అంటే వాడూ ఈసీఈనే! ఎక్కువ పెడితే త్వరగా నేర్చుకుంటుంది గానీ కుదురుండదు, తక్కువ పెడితే కుదురుంటుంది గానీ నువ్వు రిటైరయ్యేలోపు నేర్చుకోదు అన్నా.

నాన్నగారింటికి 2021లో ఫైబర్ వచ్చింది. లైన్‌మ్యాన్ కట్టిన మెలికల తీగ తీసి చుట్ట చుట్టి గేటు పక్కన మేకుకి తగిలించారు. పాత రేడియో మూలపడింది. ఇప్పుడాయన విజయవాడ స్టేషన్ ఫోన్‌లో, ఆకాశవాణి యాప్‌లో వింటున్నారు. ఒకప్పుడు ఇంటర్నెట్‌ని తెగ్గొట్టిన ప్రాంతీయ వార్తలు, ఇప్పుడు అదే ఇంటర్నెట్ మీద ఎక్కి వస్తున్నాయి. మొన్న ఫోన్ చేసి, "ఒరే, ఇది రేడియో కంటే అరనిమిషం లేటురా" అని కంప్లైంటు.